వాసన లేని నీళ్ళు

మామయ్యా, బిందెలో నీళ్ళు ముట్టుకోకండి. పొద్దున పట్టినవన్నీ పారబోసేయండి. తాగడానికి కావలసినవి తెర్లేలా మరిగించి చల్లార్చుకోండి. పిల్లలు బడి నుంచి రాగానే కుళాయికి నోరు పెడతారు, ఓ కన్నేసి ఉంచండి. పక్కింటి పిన్నిగారికీ, మేడమీద వాళ్ళకీ చెప్పండి. తప్పెవరిదని అడిగితే దాచకండి, మా కోడలిదేననండి.

పొద్దున మీరు "అమ్మయ్య, ఇవాళ నీళ్ళకి మందు వాసన లేదు. మొత్తానికి నా మాట విన్నావమ్మా" అన్నారు చూడండి, నేను ఉబ్బితబ్బిబ్బైపోయాను. నీళ్ళలో క్లోరిన్ కలపడమే నా ఉద్యోగం. వాసన లేదంటే మందు కలవలేదని నాకు తట్టొద్దూ? ఇప్పుడే ప్లాంటు నుంచి ఫోనొచ్చింది. నిన్న సాయంత్రం సిలిండర్ మార్చి, వాల్వు తిప్పకుండానే ఇంటికొచ్చేశానట. ఊరంతా మందు లేని నీళ్ళే పట్టుకుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మైకు బండితో వీధి వీధీ తిరిగి చెప్పడానికి నేనే వెళ్తున్నాను.

అన్నట్టు, రేపు నీళ్ళు మందు కంపు కొడితే నన్ను నోరారా తిట్టండి మామయ్యా. ఆ తిట్లు వినేదాకా నాకు ముద్ద దిగదు.