ముత్యానికి కళ్లెం సరిపోయింది

మంగళగిరి,
శనివారం.

అక్కకు చెల్లెలు సుబ్బులు నమస్కారాలు. నరసింహస్వామి దయవల్ల మేమిద్దరం బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారికి పత్తి తీతకు కూలీలు దొరికారా? ఫోనులో అయితే సగం విని కంగారు పడతావని ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపే మస్తాన్ గారి దగ్గర మా ఇద్దరికీ పని. మీ మరిది ఉలవలు ఉడికించి పెడతారు. నేను పాక ఊడ్చి కళ్లేలు తుడుస్తాను. ఉక్కపోతే గానీ నీళ్లకు కొదవ లేదు. మొదట్లో పలకరించే మనిషి లేక ఏడుపొచ్చేది. ఇప్పుడు ముత్యం ఉంది, తెల్ల ఆడగుర్రం.

కిందటి నెల కళ్లెం పట్టీ ఒరిసి దాని చెవుల వెనక కమిలింది. మన ఎద్దులకు మెడ ఒరిస్తే కాడికి గుడ్డ చుట్టేవాళ్లం కదా, నేనూ పట్టీకి అలాగే చుట్టాను. నువ్వు మిరపకాయలు మూటగట్టి పంపిన పాత పంచె ముక్క అది. దులిపాను గానీ ఉతకలేదు. ఉతికితే మన ఇంటి వాసన పోతుందనిపించింది.

ఆ సాయంత్రం పెళ్లికొడుకు ఎక్కగానే ముత్యం తల విదిలించి వెనక్కి వెనక్కి నడిచిందట. ఆయన్ను దించేసి కారులో తీసుకెళ్లారట. దీనికి పొగరెక్కింది, అమ్మేస్తానన్నారు మస్తాన్ గారు. మర్నాడు ఆ గుడ్డ విప్పుతుంటే నాకే తుమ్ములొచ్చాయి. మిరప ఘాటు చెమటకు తడిసి దాని పుండును మండించింది, అక్కా. మీ మరిది నోరెత్తవద్దన్నారు, పని పోతుందని భయం. నాకు అన్నం సయించలేదు. దేవుడికి దండం పెట్టుకుని వెళ్లి చెప్పేశాను.

"దాని తప్పు లేదండీ. మిరప గుడ్డ కట్టింది నేను."

ఆయన కళ్లెం తెప్పించి పట్టీని లాగి చూశారు. తర్వాత, "ఎద్దనుకున్నావా అమ్మా? పట్టీ బిగువైతే వదులు చెయ్యాలి గానీ, గుడ్డ చుడితే ఇంకా బిగుస్తుంది" అన్నారు. అమ్మే సంగతి వచ్చే ముహూర్తం దాకా చూద్దామన్నారు. పట్టీకి రెండు బెజ్జాలు ఎక్కువ పొడిపించి, నా చేత్తోనే చూపించారు. నుదుటి పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. గొంతు కింద పిడికిలి పట్టాలి. నోట్లోని ఇనుము పెదవి మూలను లాగకూడదు.

పుండు మానేదాకా రోజూ కొబ్బరినూనె రాశాను. మొదట్లో నా చెయ్యి చూస్తే మొహం తిప్పుకునేది. తర్వాత తర్వాత నిలబడింది.

మొన్న గురువారం పెళ్లికి నేనే కళ్లెం వేశాను. వేళ్లు పెట్టి చూశాను, పిడికిలి పెట్టి చూశాను. ముత్యం బాజాల మధ్య నెమ్మదిగా నడిచి, పెళ్లికొడుకును మండపం దగ్గర దించి వచ్చిందట. మస్తాన్ గారు కళ్లెం విప్పి నా చేతికిచ్చారు. "ఇక ఏ గుర్రమైనా నువ్వు చూశాకే గేటు దాటాలమ్మా" అన్నారు. ఈ వయసులో పరాయి ఊళ్లో ఇంత నమ్మకం దొరకడం ఆ స్వామి పెట్టిన భిక్ష.

గుడ్డ పంపింది నువ్వని మనసులో పెట్టుకోకు. తప్పు నాదే. కాయలు మాత్రం కమ్మగా ఉన్నాయి. మళ్లీ పంపితే మెత్తటి పాత పంచెలు వేరే సంచిలో పెట్టు.

బావగారికి, మీ అత్తగారికి నా దండాలు. నీ చెయ్యి మా తలమీద ఉంటే చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుబ్బులు