చీర మీద కోటు

గురువారం, పడుకోబోయే ముందు

ఉద్యోగాల సైటులో పెట్టుకోవడానికి ఇవాళ పటమటలో ఫొటో దిగాను. నాన్న నేసిన నెమలికంఠం రంగు చీర కట్టుకెళ్లాను. స్టూడియో లైట్ల వెలుగులో కూర్చుంటే పొగమంచు వేళ కృష్ణలో పడవ మీద ఉన్నట్టు అనిపించింది.

"ఆఫీసు ఫొటో అంటే ఇలా ఉండాలండీ" అంటూ ఫొటోగ్రాఫర్ కంప్యూటర్లో చీర మీద నల్లకోటు అతికించేశాడు. ఎవరో మేనేజరు గారిలా కనిపించాను. నచ్చింది కూడా, అదే సిగ్గుగా ఉంది.

ఇంటికొచ్చి ఫోన్లో నాన్నకు చూపించాను. బట్టను తడిమి చూసే అలవాటుకొద్దీ ఆ కోటు మీద బొటనవేలితో మెల్లగా రుద్దాడు. ఫొటో పక్కకు జరిగిపోయింది.

"నేత ఎవరిదమ్మా?" అన్నాడు.

ఎవరూ నేయలేదని చెప్పకుండా ఫోన్ తీసేసుకున్నాను. ఫొటో ఇంకా సైటులో పెట్టలేదు. చీర కూడా మార్చుకోలేదు, ఇలాగే పడుకుంటాను.