పదకొండో బోల్టు

కోడంబాక్కం,
జూన్ 3.

కన్నియప్పన్ గారికి నమస్కారాలు.

నేను చూలైలో మీ బోల్టుల షాపుకు వచ్చే యతిరాజులు గారి అమ్మాయి శరణ్యను. మీకు ఫోన్‌లో వినబడదని నాన్న చెప్పేవారు. నాకు ఫోన్‌లో మాట్లాడటం చేతకాదు. అందుకే ఉత్తరం.

నాన్న పోయి ఈ ఇరవై రెండుకు ఏడాది. ఆయన విప్పిన పాత మోటార్ సైకిల్ ఇంజను విప్పినట్టే ఉంది. ఆ రోజు ఒక్కసారి దాని శబ్దం వినాలని అమ్మ కోరిక.

పక్క మూతకు పదకొండు రంధ్రాలు. ఇంట్లో ఉన్న బోల్టులు పందొమ్మిది. నాన్న వాటిని ఒక అట్టకు గుచ్చి పెట్టుకున్నారు. అమ్మ అన్నీ పీకి, చింతపండుతో తోమి, పొడవు చూసి పోపుల డబ్బాలో సర్దింది. ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది?

భవదీయురాలు,
శరణ్య

తా.క.: ఆవాల గిన్నెలో ఉన్నవి అన్నిటికన్నా పొట్టివి.

చూలై,
జూన్ 6.

పాపా శరణ్యకు ఆశీర్వాదాలు.

గారూ గీరూ వద్దు, మామా అను. మీ నాయన పోయినాక నాతో తెలుగులో ఒక ముక్క మాట్లాడేవాళ్లు లేరు.

చింతపండుతో తోమినారా! అవేమన్నా కామాక్షి దీపాలా పాపా?

పానా ముట్టుకోవద్దు. వేళ్లతోనే దా తిప్పాల. మూడు చుట్లు సులువుగా పోతే ఆ బొక్కకి అదే. బిగుసుకుంటే వదిలెయ్యి, ఆ కాలం బోల్టు మర వేరే, ఈ కాలం మర వేరే. పదకొండూ పెట్టినాక అన్ని తలలూ ఒకే ఎత్తున నిలబడాల. పొడుగుది పెట్టి బిగిస్తే మూత పగలతాది. పొట్టిది పెడితే మర ఊడతాది.

ఆ అట్ట ఏడుండాదో ఎతకండి. అదే మీకు పటం.

మీ మామ,
కన్నియప్పన్

తా.క.: ఆ గిన్నెలో మళ్లా ఆవాలు పోయొద్దని మీ అమ్మణికి చెప్పు. చారు ఆయిల్ వాసనొస్తాది.

కోడంబాక్కం,
జూన్ 10.

కన్నియప్పన్ మామా,

మీరు చెప్పినట్టే చేశాను. పందొమ్మిదిలో ఒక్కటీ సరిపోలేదు. కొన్ని ఒక్క చుట్టుకే బిగుసుకున్నాయి. కొన్ని వదులుగా ఊగాయి.

అసలైనవి నువ్వే పారేశావని అమ్మతో అన్నాను. అనకుండా ఉండాల్సింది. అమ్మ అల్మారాలోంచి పెళ్లినాటి చెంచాలు తెచ్చి నా ముందు పరిచింది.

"ముప్పై ఒక్క ఏండ్లు. ఒక స్పూనన్నా పోయిందా? లెక్కపెట్టవే. నేనా పారేసేదాన్ని?"

అప్పటినుంచి నాతో మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే పక్కింటి కలైసెల్వి ఆంటీతో చెప్పిస్తోంది. నిన్న ఆంటీ కిటికీలోంచి తొంగి చూసి, మీ అమ్మ నిన్ను తినమంటోంది అని చెప్పి వెళ్లారు. అమ్మ నా పక్క గదిలోనే ఉంది.

అట్ట దొరకలేదు. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పారేసింది అమ్మేనా మామా? మీరు చెబితే నమ్ముతాను.

శరణ్య

తా.క.: చారు సంగతి ఆలస్యంగా చేరింది. మాట్లాడుకోవడం లేదు కాబట్టి తాగేశాను.

చూలై,
జూన్ 14.

పాపా,

మీ అమ్మని ఏమీ అనొద్దు. తప్పు నాది. మొదటి జాబులోనే చెప్పుండాల.

నా భార్య తంగమ్మ పోయినాక, ఆదివారం షాపు షట్టర్ దించుకోని లోపలే కూర్చునేవాణ్ణి. ఒక ఆదివారం మీ నాయన బోల్టు కావాలని వచ్చినాడు. టీ తాగినాం. ఆయన మాట్లాడినాడు, నాకు సగం వినబళ్లేదు. బాగుండింది. సరైంది ఇచ్చేస్తే ఈ మనిషి మళ్లా రాడు గదా అనిపించింది. సరిపోనిది వెతికి ఇచ్చినా.

"రాజులూ, అచ్చం ఇదే దా," అన్నా.

వారం తిరిగేసరికి వచ్చి, "సరిపోలేదయ్యా," అన్నాడు.

పందొమ్మిది ఆదివారాలు అంతే, మీ ఇంట్లో ఉండే పందొమ్మిదీ అవే. ఇరవయ్యో ఆదివారం ఆయన రాలేదు.

సరైనవి వ్యాసర్పాడిలో ఒక పాతసామాన్ల షాపులో ఉండినాయి. మొన్న పోయి చూసినా. ఇప్పుడు ఆడ షాపే లేదు. మొదటి వారమే తెచ్చిచ్చి ఉంటే ఆయన ఆ బండి తోలి ఉండేవాడు. ఇంక నాకు రాయొద్దు పాపా. రాయించుకునే మొహం కాదు నాది.

కన్నియప్పన్

తా.క.: మాట్లాడకుండా తినమంటే కోపం సగం తగ్గినట్టు. తంగమ్మ అట్లే చేసేది.

కోడంబాక్కం,
జూన్ 18.

కన్నియప్పన్ మామా,

వద్దన్నారు. అయినా రాస్తున్నాను.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ లేచి బియ్యం డ్రమ్ము పక్కకు జరిపింది. డ్రమ్ము ఊగకుండా కింద పెట్టింది ఆ అట్టనే. ఏడాదిగా దానిమీదే ఉన్న బియ్యం తింటున్నాం.

అది పటం కాదు. పందొమ్మిది చిల్లులు, ఒక్కొక్క దాని పక్కన ఒక తేదీ. క్యాలెండర్ తీసి చూశాను. అన్నీ ఆదివారాలే. అడుగున నాన్న చేతిరాత: "అసలువి పదకొండూ పాత కళ్లజోడు పెట్టెలో. కన్నియప్పన్‌కు చెప్పొద్దు."

పెట్టె తెరిచాను. పదకొండూ ఉన్నాయి. అన్నీ మూడు చుట్లు తిరిగాయి. ఒకే ఎత్తున నిలబడ్డాయి.

ఒక్కొక్కటే తీసి నూనె రాసి పది బిగించాను. పదకొండోది అమ్మ చేతిలో ఉంది. ఇవ్వమన్నాను.

"శబ్దం వినేస్తే ఇంక ఆయన పని ఏదీ మిగలదు గదే," అంది. కలైసెల్వి ఆంటీతో కాదు, నాతోనే. బోల్టును కొంగున ముడి వేసుకుంది.

ఇరవై రెండు ఆదివారం. కార్యం అయ్యాక అమ్మా నేనూ చూలై వస్తాం. ఆ ఒక్క బోల్టు తెస్తాం. షట్టర్ తీసి ఉంచండి.

మీ
శరణ్య

తా.క.: అది సరిగ్గా సరిపోతుంది. మీరు మాత్రం చూసి, కాదనాలి.