పడి లేదండీ

మ్యూజియం ఆఫీసరు గారికి నమస్కారం. సోమవారం విజయవాడ నుంచి లారీ పంపవద్దండీ.

మీరు పెట్టబోయే బోర్డు నకలు కూడబలుక్కుని చదివాను. యుద్ధం రోజుల్లో కొల్లేట్లో కూలిన బ్రిటిషు విమానం ముక్కున తిరిగే ఫంకా "లంకలో నిర్లక్ష్యంగా పడి ఉండగా లభించినది" అని ఉంది. పడి లేదండీ. మా అమ్మ అంకాలమ్మ దాన్ని బురదలోంచి లాగించింది. పడవకి చేపనూనె పూసినప్పుడల్లా దానికీ పూసేది. పాత ఇనుము కొనేవాడు వస్తే, "ఇద్దరు తల్లుల బిడ్డలు పోయిన విమానంరా ఇది, తూకం వేస్తావా?" అని తరిమేసింది. ఆవిడ పోయాక నేను పూస్తున్నాను.

ఫోన్ చేస్తే మీ అసిస్టెంటు గారు, "ఒక్క మాటేగా తాతా, బోర్డులు ఎవరు చదువుతారు?" అని నవ్వారు. నేను చదివానండీ. అంకాలమ్మ కాపాడింది అని రాయించండి. అప్పటిదాకా ఫంకా మా పాక గుమ్మం దాటదు.