మీల్ మేకర్ సాక్షిగా

పుంగనూరు

ప్రియమైన వెన్నెలకు,

నీ ఫోన్లో నా నంబరు బ్లాకులో ఉండాది గాబట్టి పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నా. కౌంటర్లో ఆయప్ప నన్ను పైనుంచి కిందదాకా సూసి "కోర్టు నోటీసా?" అన్నాడు. "లేదు సార్, ప్రేమలేఖ." "ఎవురికి?" "పెండ్లానికే." పాపమని స్టాంపు తనే అంటించి యిచ్చినాడు.

కుప్పంలో మీ అమ్మ బాగుండాదా? నేనైతే బాగాలేను. ఈ విషయం సభాముఖంగా తెలియజేస్తాండాను.

జరిగింది నీకు తెలుసు. అయినా ముద్దాయి వాంగ్మూలం వినాల గదా. ఆ ఫేస్‌బుక్ గ్రూపులో యెవడో పెట్టినాడు, సోయా తింటే మగోళ్ళకు ఆడ హార్మోన్లు పెరుగుతాయి, చైనా జపానోళ్ళకు గడ్డాలు రానిది అందుకే అని. ఇంకోడొచ్చి, ఆ చప్పిడి టోఫు యెట్ల తింటారో, వాళ్ళ నాలుకలకు రుచే తెలీదన్నాడు. పండితులు కొట్టుకుంటాంటే నేను వూరికే ఉండొచ్చు గదా? "మా యింటావిడ సోయా సాసు పోసి నూడుల్స్ చేస్తాది. పెండ్లయి మూడేండ్లు. ఫలితం సున్న. పరిశోధన ముగిసింది" అని రాసినా. గ్రూపంతా నవ్వింది.

అది జోకని మా అమ్మకు తెలీలా. పక్కింటి రమణమ్మ చదివి వినిపించిందంట. "కోడలు సోయా పెట్టి నా కొడుకును చెరిపింది" అని అమ్మ కొళాయి కాడ అందరి ముందరా అనింది. నువ్వు బిందె ఆడనే పెట్టి కుప్పం బస్సెక్కినావు.

ఇప్పుడు శుద్ధి జరిగింది. సోయా సాసు సీసాను చెత్తబండికి సమర్పించినా. నూడుల్స్ బంద్. రాగిముద్ద, చెనక్కాయల ఊరిబిండి, శనివారం అమ్మ చేసే మీల్ మేకర్ కూర, అంతే. భీముడు ఇప్పటికి పేరులోనే ఉండాడు, ఒంట్లోకి త్వరలో వస్తాడు.

వచ్చెయ్ వెన్నెలా.

ఇట్లు,
సోయారహిత భర్త
భీమరావు


కుప్పం

భీమరావు గారికి,

మీ వాంగ్మూలం అందింది. మా అమ్మకు చదివి వినిపించినా. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలా.

మీల్ మేకర్ అంటే సోయానే. డిగ్రీ చదివినారు గదా, పాకెట్టు వెనకపక్క చదవండి.

ఫోన్లో మీరు నవ్విస్తారు, నేను నవ్వేస్తా, అడగాల్సింది అడగకుండానే ఫోను పెట్టేస్తా. అందుకే బ్లాకు చేసినా. జాబులో అడగతాండా. మదనపల్లె ఆస్పత్రిలో నాకు చెయ్యని పరీక్ష లేదు. నీలో యే లోపమూ లేదు, మీ ఆయన్ను పిలుచుకొని రామ్మా అన్నాడు డాక్టరు. మిమ్మల్ని అడిగినప్పుడల్లా ఒక జోకు. టమోటా రేటు పడిపోయింది, మార్కెట్టుకే బాగాలేదు, నాకెట్ల బాగుంటాది అన్నారొకసారి. మీ అమ్మ నన్ను గొడ్రాలు అన్నపుడు మీరు ఆ గదిలోనే ఉండారు. ఫోను సూసుకుంటా.

పరీక్షకు పోతారా, పోరా? ఇంకేమీ రాయొద్దు.

వెన్నెల


పుంగనూరు

ప్రియాతిప్రియమైన వెన్నెలకు,

'మీరు' అన్నావే, దానికన్నా నాలుగు తిట్టింటే బాగుండు.

పాకెట్టు చదివినా. అద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివినా. సోయానే. హాస్టల్లో తిన్నది సోయా, అమ్మ శనివారం కూర సోయా, రమణమ్మ కూతురి పెండ్లి బిర్యానీలో ఏరుకొని తిన్నదీ సోయానే. కంచంలో దాన్ని నములుతా ఫోన్లో దాన్నే తిట్టినా. అమ్మకు కూడా చదివి చెప్పినా. నమ్మలా.

ఈడ ఇంకో జోకు రాసి కొట్టేసినా. సూసే ఉంటావు.

మదనపల్లెకు పోయినా. ఆస్పత్రి లోపలిదాకా. మగోళ్ళు వరసగా తలలొంచుకొని కూర్చోనుండారు. నర్సు పేర్లు గట్టిగా పిలుస్తాండాది. ఆ బెంచీ మీద మా టమోటా మండీలో లెక్కలు రాసే గోవిందప్ప ఉండాడు. నన్ను ఆయప్ప సూసినాడు, ఆయప్పను నేను సూసినా, ఇద్దరం మొగాలు తిప్పుకున్నాం. నేను బయటికొచ్చేసినా. భయమైంది వెన్నెలా. నింద సోయా మీద వేస్తే అది నోరెత్తదు. నీ మీద వేస్తే నువ్వూ నోరెత్తలా. అందుకే నాకు అంత సులువైంది.

నీ పళ్ళ బ్రష్షు ఇంకా గ్లాసులోనే ఉండాది. అమ్మ పారేయబోతే గొడవపడినా. నాకు గొడవపడేది చేతనవుతాదని అప్పుడే తెలిసింది.

నీ
భీమరావు


కుప్పం

భీమరావుకు,

"భయమైంది" అని రాసినావు. పెండ్లయినాక నువ్వు నాకు చెప్పిన మొదటి నిజం అదే.

గోవిందప్ప కూర్చున్నాడు గదా. నువ్వూ కూర్చో. ఆ తరవాత ఎవురికి చెప్పాల్నో నీకు తెలుసు.

వెన్నెల


పుంగనూరు

వెన్నెలా,

కూర్చున్నా. గోవిందప్ప పక్కనే. "ఆ నర్సు అందరి పేర్లూ మామూలుగానే పిలుస్తాదప్పా, మన పేరే మనకు గట్టిగా వినపడతాది" అన్నాడు.

లోపం నాదే. వీర్యంలో కణాలు లేనట్టేనంట. ఎందుకో ఇంకా సూడాలంట. మందులతో అవుతాదో లేదో మాట ఇయ్యలేనన్నాడు డాక్టరు. "సార్, సోయా వల్లనా?" అని అడిగినా. అప్పుడు కూడా. "వారానికొకసారి మీల్ మేకర్ తిన్నందుకు యేమీ కాదప్పా. సాకులు ఎతుక్కోవద్దు" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టి చెప్పినా. అమ్మ లేచిపోయి గూట్లోనుంచి మీల్ మేకర్ పాకెట్టు తెచ్చింది. "ఇదే సోయా అని నువ్వే చదివి చెప్తివే. నీ చిన్నప్పుడు మాంసం కొనలేక దీన్నే మసాలా యేసి వండి, మాంసం కూరే నాయనా తిను అని పెట్టినా. నిన్ను చెరిపింది నేనే గదరా" అని తల బాదుకుంది.

ఆ క్షణాన నేను తప్పించుకునేదానికి వాకిలి బార్లా తెరిచినట్టే ఉండింది. నేను ఊ అంటే చాలు. తప్పు సోయాది, సోయా పెట్టింది అమ్మ, నేను ఎప్పట్లాగే ఫోను సూసుకుంటా కూర్చోవచ్చు. నీకు నేనేమి చేసినానో అప్పుడు కనబడింది.

"కాదుమా. నువ్వు పెట్టిన కూటితోనే బతికినా. ఇది కూటి వల్ల కాదు, నీ వల్ల కాదు, వెన్నెల వల్ల కాదు. నాలోనే ఉండాది" అన్నా.

అమ్మ కొంగుతో మొగం తుడుచుకొని, "కొళాయి కాడ అన్న మాట ఎట్ల ఎనక్కి తీసుకునేది?" అనింది. పొద్దున బిందె ఎత్తుకొని పోయింది. ఆడ యేమి చెప్పిందో నాకు తెలీదు.

ఆ గ్రూపులో కూడా రాసినా. "పరిశోధన తప్పు. లోపం నాది." ఎవురూ నవ్వలా. ఒకడు మాత్రం నవ్వు బొమ్మ పెట్టినాడు. పెట్టుకోనీ.

బిడ్డ పుడతాదో లేదో తెలీనోడు, నాతో ఉండు అని ఏ మొగంతో అడిగేది? అడగతాండా.

భీమరావు


కుప్పం

మామా,

నీ ఈ జాబు మా అమ్మకు చదివి వినిపించలా.

నిన్న అత్త ఫోన్ చేసింది. కొళాయి కాడ అందరి ముందరా "తప్పు నా కోడలిది కాదు" అని చెప్పిందంట. మరెవురిది అని రమణమ్మ అడిగిందంట. "వాని పేరు చెప్పేదానికి నోరు రాలా వెన్నెలా, కన్నదాన్ని గదా" అని ఏడ్చింది. ఆమె మీద కోపం పోలేదు. అయినా నేనూ ఏడ్చినా.

లోపం నీలో ఉండాదని నాకు ఎప్పుడో తెలుసు. నాలో లేదని డాక్టరు చెప్పినాక మిగిలేది ఎవురు? బిడ్డ లేదని బస్సెక్కలేదు మామా. ఆ కొళాయి కాడ ఒంటిగా నిలబడలేక ఎక్కినా.

డాక్టరు మాట ఇయ్యలేనన్నాడు. నేనూ ఏ మాటా ఇయ్యలేను. ఈసారి ఇద్దరం పోయి ఒకే బెంచీ మీద కూర్చుందాం, అంతే. శనివారం వస్తాండా.

అత్తను మీల్ మేకర్ నానబెట్టమను. ఆమె ఇంక అది ముట్టుకోనంటాది, వినొద్దు. ఆమె చేతనే వండించు. ఆమె ఎదురుగా కూర్చోని, ఎప్పటికన్నా రెండు ముద్దలు ఎక్కువ తిను.

నీ
వెన్నెల