రెండో గేరులోనే

మీకు నా నమస్కారాలు.

మీ ఉత్తరం పోయిన నెల మొదటి మంగళవారమే అందింది. కవరు మీద రేవు ముద్ర చూస్తే ఇరవై రెండు రోజులు తిరిగి తిరిగి వచ్చినట్టుంది. ఇక్కడ నేనూ అత్తయ్యా బాగున్నాం. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకోవడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. వంటగది కిటికీ వానలకు ఉబ్బి మూసుకోవడం మానేస్తే అట్టముక్క మడిచి ఇరికించాను. ఓడలో వంటాయన మారాడని రాశారు. కొత్తాయన చేతికి ఉప్పు తెలుసో లేదో ఈసారి రాయండి. బీపీ మాత్రలు అయిపోయేదాకా ఆగకుండా ముందే తెప్పించుకోండి.

ఇక మీరు అసలు అడిగింది కారు గురించి కదా. రెండు పేజీల ఉత్తరంలో పేజీన్నర దాని ఆరోగ్యమే! నాకు కోపమేం లేదు. పదిహేడేళ్లుగా మన ఇంట్లో ఉన్న బండి, పైగా నాకు అన్నం పెడుతున్న బండి. నేను నేర్పే డ్రైవింగ్ స్కూల్లో కొత్తవి ఎన్ని వచ్చినా, పక్క సీటు దగ్గర మీరు దగ్గరుండి నాకో బ్రేకు పెట్టించిన ఈ బండిలోనే నాకు ధైర్యం. "లీటరుకు పదిహేను ఇచ్చిన బండి పదికి దిగిందంటే ఊరికే దిగదు, ఎక్కడో తింటోంది, పట్టుకో" అని రాశారు. పట్టుకున్నాను. అది చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు మీరు చెప్పినట్టే కొలిచాను. నేర్చుకునేవాళ్ల చేతిలో ఏ బండైనా ఎక్కువే తాగుతుంది కాబట్టి వాళ్లెవరూ లేకుండా ఆదివారాలు నేనొక్కదాన్నే నడిపాను. ఒకే బంకు, ఒకే పంపు, ట్యాంకు నిండా పోయించి మీటరు సున్నా చేయడం, నూట యాభై కిలోమీటర్లు తిరిగి మళ్లీ నింపించి భాగించడం. పది పాయింట్ మూడు వచ్చింది. లెక్క తప్పేమోనని అత్తయ్య చేత కూడా చేయించాను. ఆవిడకూ అంతే వచ్చింది. నా లెక్క తప్పలేదని కాస్త నిరుత్సాహపడ్డారు కూడా.

తర్వాత బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అదే, మన నిదానంగారి దగ్గరికి. మీరు పెట్టిన ఆ పేరుతోనే ఇప్పుడు వీధి వీధంతా పిలుస్తోంది, ఆయన కూడా పలుకుతున్నారు. మీరు అడిగినవన్నీ ఆయనకు చదివి వినిపించాను. టైర్లలో ముప్పై రెండు ఉండాల్సిన గాలి ఇరవై నాలుగే ఉంది. ఎయిర్ ఫిల్టరు తీసి ఎండకు అడ్డం పెడితే అవతల వెలుతురే కనిపించలేదు. ప్లగ్గులు నాలుగూ మసిబారాయి. డిక్కీలో ఏం మోస్తున్నావని అడిగారు కదా, మీ పాత పనిముట్ల పెట్టెనే మోస్తున్నాను. ఇప్పుడది మీ మంచం కింద ఉంది. నిదానంగారూ నేనూ చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు.

ఉష్ణోగ్రత ముల్లు గురించి మీ అనుమానమే నిజం. అరగంట నడిపినా అది సగానికి రాకపోవడానికి కారణం థర్మోస్టాట్. తెరుచుకుని అలాగే ఉండిపోయి చల్లనీళ్లు వదులుతూనే ఉంది. ఇంజను వేడెక్కే లోపలే చల్లారిపోతుంటే ఆ చలికి పెట్రోలు ఎక్కువ తాగుతోందట. ఇక బండి ఆగగానే చక్రాల దగ్గర చెయ్యి పెట్టి సెగ చూడమన్నారు చూడండి, దానికి నిదానంగారు కూడా మీకు దణ్ణం పెట్టారు. వెనక చక్రాల్లో ఒకటి పొయ్యిలా ఉంది. జాకీ మీద లేపి తిప్పితే అరచుట్టు తిరిగి ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పుపట్టి, మనం వదిలినా అది వదలడం లేదు. ఎన్నాళ్లుగానో బ్రేకును ఈడ్చుకుంటూ తిరుగుతున్నానన్నమాట.

అన్నీ బాగుచేయించి మళ్లీ కొలిచాను. పన్నెండున్నర. సంతోషించాల్సిందే. కానీ మీ ఉత్తరం చివర ఒక మాట ఉంది. సరదాకే రాశారని నాకు తెలుసు. "ఇవేవీ కాకపోతే డ్రైవర్ని మార్చాలి." ఆ వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

బండిని మళ్లీ తీసుకెళ్లి చూపిస్తే, నిదానంగారు బానెట్ మూసి చేతులు తుడుచుకుంటూ, "అమ్మా, బండిలో ఇక చూడ్డానికేం మిగల్లేదు. ఓసారి మీరు నడపండి, పక్కన కూర్చుంటా" అన్నారు. కాలవ పక్క రోడ్డెక్కాం. పొద్దున్నే కదా, రోడ్డు ఖాళీ. నేను హాయిగా నడుపుతున్నాను. ఉన్నట్టుండి ఆయన నా భుజం తట్టారు.

"మూడో గేరు వెయ్యరేమ్మా?"

"వేస్తాను. ఇంకా అడగలేదుగా బండి."

"అడగడమేంటమ్మా, గొంతు చించుకుంటోంది! రెండో గేరులో నలభై ఐదు మీద పోతున్నాం. నేను చెప్పడం ఇది మూడోసారి."

నాకు వినిపించింది ఆ ఒక్కసారే.

బండి పక్కకి ఆపాను. ఆయన కిటికీ అద్దం దించి కాలవలోకి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి నా వైపు పూర్తిగా తిరిగి, నెమ్మదిగా, పెదాలు కనబడేలా అడిగారు: "ఎన్నాళ్లనుంచమ్మా?"

ఏమండీ, ఆయనకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. ఏడాది దాటింది.

ముందు గడియారం అలారం. తర్వాత కుక్కరు. తర్వాత వెనక సీట్లో కూర్చున్నవాళ్ల మాటలు. మొదట్లో అందరూ గొణుగుతున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది. తెలిశాక ఏం చేశానంటే, దాచడం నేర్చుకున్నాను. ఎదుటివాళ్లు మాట్లాడితే నవ్వడం, తలూపడం, "మళ్లీ చెప్పండి, ఈసారి అర్థమయ్యేలా" అని తప్పు వాళ్లమీదికే తోయడం. ఇరవై నాలుగేళ్లుగా నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకీ మొదటిరోజు నేను చెప్పేది ఒకటే: "మీటరు చూడకండి. ఇంజను ఏమంటోందో వినండి, గేరు ఎప్పుడు మార్చాలో అదే చెబుతుంది." ఆ మాట చెప్పే మనిషికి ఇంజను వినబడడం లేదంటే ఎలా ఒప్పుకోను?

మీ దగ్గరా దాచాను. రేవు నుంచి మీరు ఫోన్ చేసినప్పుడల్లా సిగ్నల్ బాగాలేదని పెట్టేసేదాన్ని కదా. సిగ్నల్ బాగానే ఉండేది. మీరు మాట్లాడుతుంటే నీళ్లలోంచి ఎవరో పిలుస్తున్నట్టుండేది. మీ గొంతే అని తెలిసేది, మాటలు తెలిసేవి కావు. తప్పు జవాబు చెప్పి దొరికిపోతానని భయం. బండి ఎందుకు తాగుతోందో మీరు అంత దూరం నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, నాలో ఒక మూల నాకు అనుమానం ఉంటూనే ఉంది. అయినా ఈ ఉత్తరంలో కూడా ముందు ఫిల్టరు చూశాను, ప్లగ్గులు చూశాను అని రాస్తూ పోయాను. అవి చెడిపోయి ఉండటం నాకెంత ఊరటో మీరు ఊహించలేరు.

ఇంకొకటుంది. ఇది రాయడానికే మూడు రోజులుగా కాగితం తీసి పెడుతున్నాను.

నా దగ్గర నేర్చుకునేవాళ్లలో బేకరీ నడిపే ఆవిడ ఉంది. నలభై దాటాయి, భర్త పోయాక సరుకు తనే వేసుకురావాలని నేర్చుకుంటోంది. భయస్తురాలు. రెండు నెలల కిందట ఆసుపత్రి కూడలి దగ్గర మాకు పచ్చ లైటు పడింది. ఆవిడ కదలడం లేదు. "పోనివ్వండి, దేనికి భయం?" అన్నాను. ఆవిడ ఏదో అంది. "పోనివ్వమంటున్నానా!" అని గదమాయించాను. బండి రెండు గజాలు కదిలి ఠక్కున ఆగింది. ఆవిడే తొక్కింది బ్రేకు. మా ముందునుంచి చెయ్యంత దూరంలో అంబులెన్సు దూసుకుపోయింది. వీధంతా వినపడేలా మోగుతూ వచ్చిందట. నాకు దాని ఎర్ర దీపం కనబడిందే తప్ప మోత లేదు.

ఆవిడ చెమటలు తుడుచుకుని, "నన్ను పరీక్షించారా మేడమ్? నేను ఆగుతానో లేదో అని?" అంది.

నేను "అవును" అన్నాను. "పాసయ్యారు" అని కూడా అన్నాను.

ఆ రోజు నుంచి అన్నం సరిగా సయించలేదు. అయినా పాఠాలు ఆపలేదు. మీకు నా మీద కోపం రావాలి. వస్తే దాచుకోకండి.

ఆ పొద్దున కాలవ రోడ్డు నుంచి నిదానంగారు నన్ను ఇంటిదాకా దింపి వెళ్లారు. అత్తయ్యకు చెప్పాలని కూర్చుంటే, ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నాకు ఎప్పుడో తెలుసు. సౌండు తగ్గించమని నువ్వు నాతో పోట్లాడి ఏడాదైంది" అన్నారు. మరి అడగలేదేమంటే, "నాకు సుఖంగా ఉంది కదమ్మా" అన్నారు. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ టీవీ కట్టేసి నా చెయ్యి పట్టుకున్నారు. మర్నాడు ఆ మోకాలితోనే నాతో ఆసుపత్రికి వచ్చారు.

చెవి లోపల బియ్యపు గింజలో సగం ఉండే ఎముక ఒకటి ఉంటుందట. శబ్దానికి అది కదలాలి. నాకు రెండు చెవుల్లోనూ బిగుసుకుపోయింది. బొంగురు శబ్దాలు ముందు పోతాయట, అందుకే ఇంజను పోయింది. ఇది ముసలితనం కాదు, నా తప్పూ కాదు అన్నారు డాక్టరు. ఆపరేషన్ ఉంది, తొందర లేదు. ఇప్పటికి చెవుల వెనక పెట్టుకునే మిషన్లు ఇచ్చారు. పెట్టుకుని బయటికొస్తే మొదట వినబడింది నా చెప్పుల చప్పుడే. ఇంత గట్టిగా నడుస్తానా నేను!

స్కూల్ యజమానికి అన్నీ చెప్పాను, అంబులెన్సు సంగతితో సహా. మూడు వారాలు పాఠాలు ఆపమన్నారు. డాక్టరు కాగితం తెచ్చి, తనని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పి చూపించాక మళ్లీ ఇస్తానన్నారు. న్యాయమే. ఈలోగా ఇంజనుకు మళ్లీ అలవాటు పడుతున్నాను. మొన్న ఆదివారం మూడో గేరు ఎప్పుడు వేయాలో దానంతట అదే చెప్పింది. లీటరుకు పద్నాలుగు పాయింట్ ఎనిమిది. మిగిలిన ఆ రెండు పాయింట్లు బండి వయసు కింద వదిలేయండి.

బేకరీ ఆవిడ దగ్గరికి కూడా వెళ్లాను. గల్లాపెట్టె ముందు నిలబడి, "ఆ రోజు పరీక్ష కాదు. నాకు వినబడలేదు. మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. ఆవిడ చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. ఆవిడ ముఖంలో ముందు భయం వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. "నాకు ఇద్దరు పిల్లలు మేడమ్" అంది. తల వంచుకుని వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత కబురు చేసింది, నా దగ్గరే నేర్చుకోవడం పూర్తి చేస్తానని. కాకపోతే ఒక షరతు. తనకు ఆగాలనిపించిన చోట ఆగుతుంది, నేను కాదనకూడదు. సరేనన్నాను. ఇరవై నాలుగేళ్లలో ఒక్కరికి కూడా ఆ హక్కు ఇవ్వలేదని అప్పుడే తట్టింది నాకు.

నా సంగతి అయింది. ఇక మీకో ప్రశ్న. కిందటిసారి సెలవులకు వచ్చినప్పుడు గర్వంగా ఒక మాట చెప్పారు. ఇంజను గదిలో అందరూ చెవులకు కప్పులు పెట్టుకుంటే మీరు మాత్రం తీసేస్తారని, ఒట్టి చెవులతో వింటేనే ఏ బేరింగు మూలుగుతోందో తెలుస్తుందని. నేను మురిసిపోయి విన్నాను. ఇప్పుడు రాత్రుళ్లు అదే గుర్తొస్తోంది. మీ ఓడ డాక్టరు చేత చెవులు చూపించుకోండి. ఆయన రాసిచ్చిన కాగితం ఉత్తరంలో పెట్టి పంపండి. నాలాగా నవ్వి తలూపి తప్పించుకోవద్దు, ఆ విద్యంతా నాకు తెలుసు. బండి గురించి ఒక్క ముక్క రాయకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ కాగితం చేతికొచ్చేదాకా మీ మాట నమ్మని
మీ ఇల్లాలు