ఎంగిలి పోగు

చెల్లీ కెజయా,

నార్ఫోక్ దీవిలో ప్రాణాలతోనే ఉన్నాను. నీ పెట్టెలో యజమానురాలి వెండి చెంచా దొరికిందనీ, నిన్ను జైల్లో పెట్టారనీ నీ జాబులో చదివినప్పటి నుంచి తిండి సయించడం లేదు.

మమ్మల్ని ఇంగ్లండు నుంచి భూమి చివరికి ఎందుకు తెచ్చారో ఇక్కడ తలో మాటా అంటారు. నాతో శిక్షపడి వచ్చిన ముసలి హెస్టర్, "జైళ్ళు నిండిపోయాయే పిల్లా, చెత్తని ఎత్తి పారబోశారు" అంటుంది. కాపలా సిపాయేమో, "ఈ దీవిలో మనం కూర్చోకపోతే ఫ్రెంచివాడొచ్చి కూర్చుంటాడు" అంటాడు. నాకు రెండూ నమ్మబుద్ధి కావడం లేదు. నేను చెత్తనే అయితే, దిగీ దిగగానే నా చేతికి నార ఎందుకిచ్చారు? ఇక్కడి కొండవాలంతా నార మొక్కలే. దొరల ఓడలకు ఆ నారతో నేసిన తెరచాపలు కావాలి.

అక్కడ ఇంగ్లండు జైల్లో మమ్మల్ని వరసగా నిలబెట్టిన అధికారి నేనేం దొంగిలించానో అడగలేదు. నా కింది పెదవి చూశాడు. పోగుని ఎంగిలితో తడిపి వడికేవాళ్ళ పెదవి మీద గాడి పడుతుంది, నీకూ ఉందిగా. "దీన్ని ఓడెక్కించండి" అన్నాడు.

అందుకే చెబుతున్నాను. ఎవరడిగినా పాలు పితికేదాన్నని చెప్పు. పెదవికేమైందంటే కుక్క కరిచిందను.

నిన్న మాతో నూలు వడికించే దొర నా నూలు వేళ్ళతో నలిపి చూస్తూ, "నీ చెల్లెలు ఇంతకన్నా సన్నగా వడుకుతుందటగా?" అన్నాడు. నాకో చెల్లెలుందని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నీ జాబులోనూ వడకడం ఊసే లేదు.

కెజయా, ఆ చెంచా నీ పెట్టెలో పెట్టిందెవరే?

నీ అక్క